ఫోన్ మీటింగ్‌లో ఎవరి మాట ఎటు నుంచి?



పోయిన టర్మ్ ఆన్‌లైన్ పీటీఎం అయిన మర్నాడు మా ఆరో తరగతి అమ్మాయి ఒకతె ముఖం చిన్నబుచ్చుకుని క్లాసుకి వచ్చింది. ఏమైందని అడిగితే, "నాన్న రాత్రి ఫోన్‌ల తిట్టిండు మేడం, మ్యాథ్స్ హోంవర్క్ చేస్తలేవంట అని" అంది. నిజానికి కరెక్షన్‌కి అందరికంటే ముందు వచ్చేది ఆ అమ్మాయి నోట్‌బుక్కే.

వాళ్ల నాన్న దుబాయ్‌లో పని చేస్తారు. ఆయనకు ఫోన్ చేసి అడిగితే సంగతి తెలిసింది. ఆ రాత్రి కామారెడ్డిలో మేం ఐదుగురు టీచర్లం ఒకే లాప్‌టాప్ చుట్టూ కూర్చున్నాం. నేను ఆయన కూతురి పేరు చెప్పి ఇంగ్లిష్ రీడింగ్ గురించి మొదలుపెట్టాను. అదే సమయంలో నా పక్కనే మ్యాథ్స్ సార్ ఇంకో పాప గురించి వాళ్లమ్మకు చెబుతున్నారు. ఆవిడ ఎల్లారెడ్డి నుంచి లైన్‌లో ఉన్నారు. దుబాయ్‌లో ఆ రెండూ కలిసి ఒకే మాటగా వినిపించాయి. "మీ అందరి గొంతులు ఒక్క దగ్గర్నుంచే వచ్చినయ్ మేడం. ఎవరు ఎవరి గురించి చెప్తున్నరో సమజ్ కాలే" అన్నారాయన. అందులో ఆయన తప్పేమీ లేదు.

నేను ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో వస్తాను. సీట్లో కళ్లు మూసుకుని ఉన్నా కండక్టర్ ఏ వైపు ఉన్నాడో, వెనక సీట్లో కాలేజీ పిల్లలు ఎటు నుంచి నవ్వుతున్నారో తెలిసిపోతుంది. కుడివైపు నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా, కాస్త సన్నగా చేరుతుంది. ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా ఆ తేడాతోనే మెదడు ఒక్కో గొంతుకీ ఒక చోటు చూపిస్తుంది. చోటు తెలిస్తే మనకు కావలసిన గొంతును పట్టుకుని మిగతావి వదిలేయడం తేలిక.

1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త కోలిన్ చెర్రీ దీన్ని పరీక్షించి చూశాడు. రెండు ప్రసంగాలను కలిపేసి వినిపిస్తే, విడదీసి చెప్పడానికి జనం మళ్లీ మళ్లీ వినాల్సి వచ్చింది. ఒక్కో చెవికి ఒక్కో ప్రసంగం ఇస్తే, చెప్పిన చెవిలోది సులువుగా అప్పజెప్పారు. మన అష్టావధానమే చూడండి. ఎనిమిది మంది పృచ్ఛకులు తలో చోట కూర్చుని అవధానిని అడుగుతారు. ఆ ఎనిమిది మందినీ ఒక ఫోన్ స్పీకర్‌లోకి తోసి, అందరినీ ఒకేసారి మాట్లాడమంటే ఎంతటి అవధానికైనా చిక్కే. మనం తల్లిదండ్రులకు పెట్టేది దాదాపు అలాంటి పరీక్షే.

దీనికి వచ్చిన ఉపాయమే స్పేషియల్ ఆడియో. మీటింగ్‌లో ఉన్న ఒక్కొక్కరి గొంతునూ రెండు చెవులకూ కొద్ది తేడాతో పంపి, ఒకరు ఎడమ నుంచి, ఒకరు ఎదుట నుంచి, ఒకరు కుడి నుంచి మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. ఐఫోన్ ఫేస్‌టైమ్ గ్రూప్ కాల్స్‌లోకి ఇది 2021లో వచ్చింది. మనం పీటీఎంకి వాడే మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోకి, కంప్యూటర్ మీద, 2023లో వచ్చింది. కొత్తగా కొనాల్సిందేమీ లేదు. సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకుని, వైరు ఉన్న మామూలు స్టీరియో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చాలు.

అయితే అసలు మెలిక మా దగ్గరే ఉంది. స్క్రీన్ మీద ఎన్ని పెట్టెలుంటే గొంతులకు అన్ని చోట్లు. ఐదుగురం ఒకే లాప్‌టాప్ ముందు కూర్చుంటే మా ఐదుగురికీ కలిపి ఒకటే పెట్టె, ఒకటే చోటు. ఇక ఏ సాఫ్ట్‌వేరూ మమ్మల్ని విడదీయలేదు. అందుకే నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతున్నాను: పీటీఎం రోజు టీచర్లు ఎవరి మెషీన్ నుంచి వాళ్లు, ఎవరి హెడ్‌సెట్‌తో వాళ్లు లాగిన్ కావాలి. మన స్కూల్‌లో కంప్యూటర్ ల్యాబ్ సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది. (స్మార్ట్ బోర్డులకు అయ్యే ఖర్చులో హెడ్‌సెట్ల ఖర్చు ఎంతని? మేనేజ్‌మెంట్ వారు ఈ పేజీ చదువుతారనే ఆశతో అడుగుతున్నాను.)

గల్ఫ్‌లో ఉన్న నాన్నల్లో ఎక్కువ మంది చేతిలో ఉండేది ఫోనే, కంప్యూటర్ కాదు. వాళ్లకు ఈ సౌకర్యం పూర్తిగా అందదని నాకు తెలుసు. కానీ వినాల్సింది వాళ్లొక్కరే కాదు కదా. ముప్పై మంది పేరెంట్స్ మాట్లాడుతుంటే, ఎవరు అడిగారో తెలియక నేను "ఎస్ సర్, తప్పకుండా" అనేసిన సందర్భాలున్నాయి. మా చెవులకైనా గొంతులు విడివిడిగా వినిపిస్తే, మీ ప్రశ్నకు మీ పాప సంగతే జవాబుగా వస్తుంది.

మీ వైపు నుంచి రెండు చిన్న విషయాలు. ఒక ఇయర్‌ఫోన్‌ను అమ్మ ఒక చెవికి, నాయనమ్మ ఒక చెవికి పెట్టుకుని వినడం చాలా ఇళ్లలో చూస్తాను. ముచ్చటగానే ఉంటుంది కానీ, అలా వింటే ఎటు నుంచి వస్తోందనే తేడా ఇద్దరికీ పోతుంది. మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్లలో చాలావరకు మైక్ ఆన్ కాగానే రెండు చెవులకూ ఒకే శబ్దం వస్తుంది, కాబట్టి అవీ ఇందుకు పనికిరావు.

ఒక చెవే వినిపించే పెద్దవారికి దీనివల్ల లాభం లేదు. మా క్లాసులో ఒక బాబుకి వాళ్ల తాతయ్యే గార్డియన్, ఆయనకు ఎడమ చెవి వినపడదు. అలాంటి వారి కోసం పాత పద్ధతే మేలు: ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి, ప్రతిసారీ ముందు పిల్లల పేరు చెప్పాలి. అది మేం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వచ్చే పీటీఎం కూడా రాత్రి ఎనిమిదిన్నరకే, అంటే దుబాయ్‌లో ఏడు గంటలకు. నేను మాత్రం నా సొంత లాప్‌టాప్, వైరు ఇయర్‌ఫోన్ తీసుకుని పక్క గదిలో కూర్చుంటాను. ఆ అమ్మాయి వాళ్ల నాన్నతో మొదట మాట్లాడేది నేనే. ఆమె మ్యాథ్స్ నోట్‌బుక్‌ని కెమెరా ముందు పేజీ పేజీ తిప్పి చూపిస్తానని ఆమెకు మాటిచ్చాను.