ఎండుటాకుల భాండారము

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయపు హెర్బేరియము 1921 నాటిది. ఎండబెట్టి కాగితములకంటించియు, పొట్లములలో నిడియు భద్రపరచిన మొక్కలు, పాచులు, శైవలములు, శిలీంధ్రములు అందు 8 లక్షలకు పైగా చేరినవి. 2024 ఫిబ్రవరిలో అధికారులు దానిని రెండుమూడేండ్లలో అన్యస్థలములకు తరలింతుమని ప్రకటించిరి. వసతులు బాగుచేయుటకు వ్యయము భరింపరానిదట! వెయ్యి కోట్ల డాలర్లకు మించిన శాశ్వతనిధి గల విద్యాపీఠము పలుకదగిన మాటయేనా యిది?

ఛాయాచిత్రములు తీసినచో మూలములతో పనియేమని కొందరందురు. 1845లో ఐర్లండున బంగాళాదుంప పంటను మాడ్చి, ఘోరమైన కరవు తెచ్చిన తెగులేదో 2013లో శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఎట్లు? క్యూ, మ్యూనిక్ భాండారములలోని తెగులాకులనుండి జన్యుద్రవ్యమును వెలికిదీసి. ఆ యాకులను దాచినవారికి జన్యుద్రవ్యమన నేమో తెలియదు. ఛాయాచిత్రమునుండి దానిని తీయగలవారెవ్వరు?

తరలించుట నశింపజేయుట కాదు గదా యని మరికొందరందురు. కాని మొక్కను గుర్తించు విద్య గురువుచెంత, మొక్కచెంత కూర్చుండి నేర్వవలసినది. బీరువాలు వెడలిన చోట ఆ విద్యయు వెడలును. 1943లో బెర్లిను హెర్బేరియమును బాంబులు కాల్చినవి, అది యుద్ధము. శాంతికాలమున జమాఖర్చుల పుస్తకము ఆ పనికి పూనుకొనుట మాకు మిక్కిలి విపరీతముగా తోచుచున్నది.

ఇది పరదేశపు గొడవ యని ఆంధ్రులు ఊరకుండదగదు. పదునెనిమిదవ శతాబ్ది చివర రాక్స్‌బర్గు మన సామర్లకోటయందుండి కోరమాండల్ తీరపు మొక్కలను సేకరించి, చిత్రములు వ్రాయించెను. వాని గ్రంథపు తొలి సంపుటము 1795లో లండనునందు వెలువడెను. ఆయన సేకరించిన మొక్కలు పెక్కులు నేటికిని బ్రిటను భాండారములలో నున్నవి. మన చేల గట్టుపై మొలచు మొక్క పేరు సందేహాస్పదమైనచో తుదకు వానినే చూడవలసియున్నది. వానిని కాపాడినవారు ఖర్చునకు వెఱచియున్నచో మనకేమి మిగిలెడిది?

తాళపత్రములను చెదలపాలు చేసి పిదప విలపించినవారము మనము. మన కళాశాలలలోని ఎండుమొక్కల బీరువాలను ఎవరు తెఱచుచున్నారు? పురుగు పట్టకుండ మందు వేయువారెవరు? వృక్షశాస్త్రాచార్యుడు విరమించిన నాడు తాళపుచెవి ఎవరికి అప్పగింపబడుచున్నది? ప్రతి విశ్వవిద్యాలయమును తన ఆయవ్యయపట్టికలో హెర్బేరియమునకు వేఱుపద్దు నేర్పఱచి, దానికొక సంరక్షకుని నియమింపవలెనని మేము కోరుచున్నాము. నూతన భవనములకు పునాదిరాళ్లు వేయు పెద్దలు ముందుగా ఈ పాత బీరువాల తలుపులు తెఱచి చూతురుగాక.