ఫిలింనగర్ బస్తీ కోడికి డాక్టరెవరు?

జూబ్లీహిల్స్ గుట్ట మీద నిలబడి చూస్తే రెండు ఊళ్ళు కనిపిస్తాయి. ఒకటి అద్దాల మేడల ఊరు. స్టూడియోలు, హీరోల బంగళాలు, గేటు గేటుకూ జాతి కుక్కలు. రెండోది దాని కిందనే, రాతిగుండ్ల సందుల్లో, రేకుల కప్పుల ఊరు. జ్ఞానీ జైల్ సింగ్ నగర్, బి.జె.ఆర్. నగర్, దీన్‌దయాళ్ నగర్. సెట్టు కట్టే వడ్రంగి, లైటు మోసే పిల్లగాడు, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు, బంగళాల్లో అంట్లు తోమే అక్క ఉండేది ఇక్కడే. సినిమా పైన తయారవుతుంది. దాని చెమట కింద కారుతుంది.

పై ఊళ్ళో కుక్కకు జ్వరమొస్తే డాక్టరు కారేసుకుని ఇంటికొస్తడు. కింది ఊళ్ళో కోడి మునగదీసుకుంటే ఎవరొస్తరు? ఇదే మా ప్రశ్న.

ఉద్యమ పత్రికలో కోడి గురించి రాయడమేందని కొందరు నవ్వొచ్చు. నవ్వనివ్వండి. భూమి లేనోళ్ళకు, బర్రె లేనోళ్ళకు, బ్యాంకు గడప తొక్కనోళ్ళకు కోడే ఆస్తి. అదీ ఆడమనిషి ఆస్తి. పొలం పట్టా మొగుడి పేరు మీద ఉంటది, ఇంటి కాగితం మామ పేరు మీద ఉంటది. గంప కింది కోడి మాత్రం ఆమెది. గుడ్డు అమ్మి పిల్లకు నోటుబుక్కు కొంటది. చుట్టమొస్తే పరువు నిలుపుకుంటది. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం కూలి పెంచమని సమ్మె చేసి షూటింగులు ఆగినప్పుడు, పెరట్లో గుడ్డు పెట్టే పెట్ట ఉన్న ఇంట్లో పిల్లలకు ఆ గుడ్డయినా దొరికింది.

ఇది మన బస్తీల ముచ్చటే కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్ళూ బాతులూ అన్నీ కలిపి 85 కోట్లు. అందులో దాదాపు 32 కోట్లు పెరటివి. అంతకు ముందు గణన, అంటే 2012 నుంచి చూస్తే పెరటి కోళ్ళు 46 శాతం దాకా పెరిగాయి. షెడ్ల కోళ్ళు పెరిగింది 4.5 శాతమే. మరి కోడి పేరు చెప్పగానే ప్రభుత్వానికి గుర్తొచ్చేది ఎవరు? షెడ్ల ఆసాములు. మన అమ్మలు గుర్తు రారు.

ఆమధ్య ఒక సాయంత్రం బస్తీలో మీటింగు పెట్టుకున్నాం. రేషను కార్డుల గురించి మాట్లాడుతుంటే ఒకమ్మ కోడిని చంకలో పెట్టుకొని వచ్చింది. రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. కళ్ళు మూసుకొని కునుకుతున్నది. మెడ కింద మేతసంచి రాయిలాగా గట్టిపడింది. పశువుల ఆసుపత్రికి పోతే "దీనికి డాక్టరెందుకమ్మా, కోసుకు తినక" అని నవ్వి పంపిన్రట. ఆ నవ్వు మనం ఎరుగుదుం. మన రోగానికీ నవ్విన నవ్వే అది.

మీటింగులో తలొక మాట చెప్పిన్రు. మందు చుక్క పోయమని ఒకరు, జ్వరం గోళీ పొడి వేయమని ఒకరు, కిరోసిను అని ఇంకొకరు. మూలకు కూచున్న ముసలవ్వ అందరినీ ఊరుకోబెట్టింది. కోడిని ఒళ్ళో పెట్టుకొని, కొబ్బరినూనె నాలుగు చుక్కలు ముక్కు పక్కనుంచి నిదానంగా పోసి, మేతసంచిని వేళ్ళతో మెల్లగా పిసికింది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అట్లనే చేయించింది. గింజ బంద్, నీళ్ళు మాత్రమే. మూడో రోజుకు సంచి మెత్తబడి ఖాళీ అయింది. రెట్టలో తాడు పోగులు, థర్మాకోల్ బెజ్జులు పడ్డాయి. సెట్లు ఊడదీసి పారేసిన చెత్త అది. సినిమా వాళ్ళ కోట గోడలు మా కోడి కడుపులోకి చేరినయి.

ఆ అవ్వకు సర్టిఫికెట్ లేదు. కానీ ఆమె చేసింది సరైన పనే. అందుకని ఆ తెలివిని ఇక్కడ రాసి పెడుతున్నాం, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ కలిపి.

కోడికి పళ్ళుండవు. తిన్నది ముందు మేతసంచిలో నానుతుంది, తర్వాత కందనకాయలో రాళ్ళ మధ్య నలుగుతుంది. అందుకే కోడికి ఇసుక రాళ్ళు కావాలి. ఒకప్పుడు ఈ గుట్టల మీద రాతిపొడికి కొదవ లేదు. ఇప్పుడంతా సిమెంటు. కాబట్టి చిన్న రాళ్ళు కలిసిన ఇసుక ఒక చిప్పలో పెట్టండి.

పొద్దున్నే మేత వేయక ముందు సంచిని తడిమి చూడండి. మంచి కోడికి రాత్రికి రాత్రి సంచి ఖాళీ అవుతుంది. పొద్దునకీ గట్టిగా ఉంటే మేత అడ్డం పడ్డట్టు. నీళ్ళ తిత్తిలాగా మెత్తగా ఉండి నోరు పుల్లగా కంపు కొడితే లోపల పులిసినట్టు. గట్టిపడితే అవ్వ చేసినట్టు నూనె, పిసుకుడు. పులిస్తే ఒక పూట మేత ఆపి మంచినీళ్ళు పెట్టండి. బెల్లం నీళ్ళు మాత్రం పోయొద్దు, తీపికి పులుపు ఇంకా పెరుగుతుంది. కోడిని తలకిందులు చేసి కక్కించొద్దు. కక్కింది ఊపిరిలోకి పోయి అక్కడికక్కడే చస్తుంది. రెండు రోజులకూ తగ్గకపోతే డాక్టరు చూడాల్సిందే.

ఉత్త పారుడైతే కోడిని విడిగా, వెచ్చగా, గంప కింద పొడి గోనె మీద పెట్టండి. లీటరు నీళ్ళలో చెంచా బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి పెట్టొచ్చు. చిటికెడే, కోడికి ఉప్పు ఎక్కువైతే విషం. మెత్తటి నూకల జావ కొంచెం కొంచెం పెట్టండి. రెట్ట మీద తెల్ల టోపీ చూసి భయపడకండి, అది కోడి మూత్రం. పిల్లల రెట్టలో రక్తం పడితే మాత్రం అది రక్తపారుడు, దానికి వేరే మందుంది, ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

మనుషుల యాంటీబయాటిక్ గోళీలు కోడికి నూరి పోయొద్దు. మోతాదు తెలియదు, ఆ మందు గుడ్డులోకి వచ్చి మన పిల్లల కడుపులోకి పోతుంది. ఇది మనకే కాదు, పెద్దోళ్ళకూ చెప్పాల్సిన మాట. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు ఆఖరున వాడే కొలిస్టిన్‌ను కోళ్ళు బలియడానికి దాణాలో కలిపితే, 2019లో కేంద్రం దాన్ని మేతపశువులకు, కోళ్ళకు నిషేధించాల్సి వచ్చింది.

ఇంతవరకూ ఇంటి వైద్యం. ఇక అసలు సంగతి.

అదే బస్తీలో వెనక గల్లీలో వారం తిరక్కుండానే ఇంటింటా కోళ్ళు పడిపోయినయి. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పారుడు, గురక, మెడ మెలి తిరుగుడు. అవ్వను పిలిస్తే చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది నా చేతిది కాదు బిడ్డా, కొక్కెర తెగులు" అన్నది. డాక్టర్లు రాణిఖేత్ అనేది దాన్నే. 1920ల్లో మన దేశంలో ఆ ఊళ్ళో గుర్తుపట్టారు కాబట్టి ఆ పేరు. దానికి పసుపు లేదు, వెల్లుల్లి లేదు, నూనె లేదు. ఒకసారి వస్తే మందు లేదు. రాకముందే వేసే టీకా ఒక్కటే దారి. పిల్ల పుట్టిన వారం లోపు కంట్లోనో ముక్కులోనో చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద సూది.

టీకా ఉన్నా మన కోళ్ళకు ఎందుకు పడదు? టీకా సీసా ఒక్క కోడికి రాదు. వంద కోళ్ళకో, అంతకన్నా ఎక్కువకో వస్తుంది. చల్లగా ఉంచాలి, కలిపాక కొద్ది గంటల్లో వాడెయ్యాలి. షెడ్డు ఆసామికి ఇది సమస్య కాదు. నాలుగు కోళ్ళున్న అమ్మకు ఆ సీసా ఎవరు విప్పుతరు? చెడ్డ మనసు ఎవరికీ లేకపోయినా సరే, లెక్కే ఆమెను బయట నిలబెడుతుంది. కులం పనిచేసేదీ చాలాసార్లు ఇట్లనే. ఎవరూ తిట్టరు, కానీ తలుపు మన కొలతకు చేసి ఉండదు.

చదువు లేక కాదు, సంస్థలు లేక కాదు. కేంద్రం 1988లో కోళ్ళ పరిశోధన సంస్థను పెట్టింది ఈ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోనే. పెరట్లో పెంచుకోమని వనరాజా, గ్రామప్రియ జాతులు తయారు చేసింది వాళ్ళే. పశువైద్య విశ్వవిద్యాలయమూ అక్కడే. 2017లో తెలంగాణలో 1962 నంబరు పశువైద్య బండ్లు మొదలైతే అవి పల్లె నియోజకవర్గాల లెక్కన పెట్టినవి. పట్నంలో కోళ్ళున్నయని ఎవరూ అనుకోలేదు. పట్నంలో మనమున్నమనీ ఎన్నికలప్పుడే కదా గుర్తొచ్చేది.

ఇంకో వింత చూడండి. ఇదే ఫిలింనగర్‌లో సినిమాలో కోడిని ఆడించాలంటే 2001 నాటి రూల్సు ప్రకారం ముందుగా అనుమతి అడగాలి, కోడి ఆరోగ్యంగా ఉన్నదని పశువైద్యుడి సర్టిఫికెట్ జత చేయాలి. మంచి రూలే, మేము వద్దనం. తెర మీద కోడిని చూడటానికి డాక్టరు ఉన్నడు. ఆ తెర కట్టే కూలోడి ఇంటి కోడికి మాత్రం లేడు.

చివరగా మనలో మనం అనుకోవాల్సిన కష్టమైన మాట. తెగులు తగిలిన కోడిని కోసుకు తినడం, అమ్మడం మానాలె. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం వదలమన్నది అగ్రవర్ణాల మెప్పు కోసం కాదు, మన గౌరవం కోసం. మేము చెప్పేదీ అంతే. పోయిన కోడి డబ్బు పోయిందని ఏడుపొస్తుంది, తెలుసు. కానీ 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు షెడ్లకు షెడ్లే పూడ్చాల్సి వచ్చింది. వరసగా కోళ్ళు చస్తుంటే ఒట్టి చేతులతో ముట్టకండి, పిల్లలను దూరం పెట్టండి, లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి, పశువైద్యశాఖకు కబురు చేయండి.

సంఘం కార్యకర్తలకు మా సూచన ఒకటే. రేషను కార్డు, ఇంటి పట్టా లెక్కల పక్కన ఇంకో గడి గీయండి, ఇంట్లో కోళ్ళెన్ని అని. గల్లీకి ఇరవై తేలితే అయిదు గల్లీలకు వంద. ఆ వంద లెక్క పట్టుకొని అమ్మలతో కలిసి ఆసుపత్రికి పొండి. మూడు నెలలకొకసారి బస్తీలో టీకా రోజు పెట్టమని రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి. ఒక్క కోడికి సీసా విప్పనోళ్ళు వంద కోళ్ళకు విప్పక తప్పదు.

ఒక్క అమ్మ పోతే నవ్వి పంపిన్రు. వంద కోళ్ళ లెక్కతో ముప్పై మంది అమ్మలు పోతే ఎవరు నవ్వుతరో చూద్దాం.