కత్తెర ఎవరి చేతిలో ఉంది?

"అంతా కంప్యూటరే చేసి పెడుతుంటే మధ్యలో చిత్రకారుడెందుకండీ?" అని అడిగి, చుట్టూ చూసి నవ్వే పెద్దలు మన సాహిత్య సభల్లో ఒకరిద్దరైనా ఉంటారు. బి.కాం. చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునే నాకు చిత్రకళతో ఏం పని అని కూడా వారే అడుగుతారు. పని ఉంది. రెండు కాగితాలు కలిపి మూడో కాగితం పుట్టించడంలో దగా ఎక్కడ ఉంటుందో వెతకడం మా ఉద్యోగంలో భాగమే.

అతికించి బొమ్మ చేయడం కంప్యూటర్‌తో పుట్టలేదు. 1912లోనే పికాసో, కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను బొమ్మ మీద అంటించి చుట్టూ తాడు బిగించాడు. ఆ గొప్పంతా జిగురుదేనని ఎవరైనా అంటారా?

మన దేశం సంగతే చూడండి. అమృతా షేర్‌గిల్ చెల్లెలి కొడుకు వివాన్ సుందరం (1943–2023). 2001–02 ప్రాంతంలో 'రీ-టేక్ ఆఫ్ అమృత' పేరుతో డిజిటల్ చిత్రాలు చేశాడు. తాతగారు ఉమ్రావ్ సింగ్‌కు ఫొటోల పిచ్చి. తనను తాను తీసుకున్నాడు, హంగేరీ నుంచి వచ్చిన భార్యను తీశాడు, ఇద్దరు కూతుళ్లను తీశాడు. మనవడు ఆ పాత ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, వేర్వేరు కాలాల్లో వేర్వేరు చోట్ల ఉన్న ఆ మనుషుల్ని ఒకే చట్రంలోకి తెచ్చాడు. అమృత 1941లో ఇరవై ఎనిమిదేళ్లకే పోయింది. ఈ బొమ్మల్లో ఆమె తండ్రి పక్కనే, ఏ కెమెరా చూడని క్షణంలో ఉంటుంది.

ఇందులో యంత్రం చేసిందెంత? ముక్క కోస్తుంది, పొర మీద పొర పెడుతుంది, తప్పు వస్తే వెనక్కి తీస్తుంది. ఏ ముఖం కోయాలో దానికి తెలియదు. ఒక ఫొటోలో వెలుతురు కిటికీవైపు నుంచి, మరోదాంట్లో ఎదుటినుంచి పడుతుంటే రెండింటినీ ఒక గదిలో ఎలా ఇమడ్చాలి? ఒకదాని నలుపు మసకబారి, రెండోదాని నలుపు చిక్కగా ఉంటే ఏది దేనికి దిగిరావాలి? కూతురు తండ్రికంటే పెద్దదిగా కనబడాలా, చిన్నదిగానా? అతుకు దాచాలా, కనబడనివ్వాలా? ఇన్నిటికీ జవాబు చెప్పాల్సింది మనిషే. పెద్దలు పది నిమిషాల పని అనుకునేది ఇదే.

"మరి ఇది ఫోర్జరీ కాదా?" అన్నారొకరు. కాదండీ. ఇప్పుడు చెక్కు బదులు దాని బొమ్మే క్లియరింగుకు వెళుతోంది, రోజూ చూస్తున్నాను. దొంగ చెక్కు తన అతుకును దాచుకుంటుంది, డబ్బు చేతికి వచ్చేదాకా నిజమని నమ్మిస్తుంది. వివాన్ అయితే పేరులోనే 'మళ్లీ తీసింది' అని చెప్పేశాడు. ఫొటోలు ఎవరివో కూడా దాచలేదు.

నిజానికి ఈ పెద్దలకంటే నాకు కోపం తెప్పించేది మన సంచికల ముఖచిత్రాలు. నెట్‌లో దొరికిన కోనసీమ కొబ్బరిచెట్లు, ఒక మూల చార్మినార్, నడుమ తెలుగుతల్లి, చుట్టూ ముత్యాల అంచు. దీన్నీ కొలాజ్ అంటున్నారు! తరాలుగా హోసూరులో బతుకుతున్నవాళ్ల సంచికకు కోనసీమ ఎందుకు? ఆ కొబ్బరిచెట్టు ఎవరు తీసిన ఫొటోనో అడిగితే కమిటీలో ఒక్కరికీ తెలియదు. వోచరు లేని పద్దు అది. మా ఊరి తెలుగు బడి పాత గ్రూపు ఫొటో తీసుకెళ్లి ఇస్తే, "క్వాలిటీ లేదు సార్" అని తిప్పి పంపారు. ఆ మసకే కదయ్యా అందులో ఉన్న వయసు! వివాన్‌కు తాతగారి పెట్టెలో దొరికినదే మన ట్రంకు పెట్టెల్లోనూ ఉంది, చెదలు పట్టకముందు తీస్తే.

ఆ ఫొటో ఇంకా నా దగ్గరే ఉంది. కోసి, కలిపి, పొరలు పేర్చి బొమ్మ చేస్తామనే కుర్రవాళ్లెవరైనా ఉంటే పత్రిక ద్వారా కబురు పెట్టండి, స్కాన్ చేయించి ఇస్తాను. వెనక పెన్సిలుతో పేర్లు రాసి ఉన్నాయి, ఏడుగురివి తప్ప. వాళ్లను గుర్తుపట్టగలవాళ్లు ఊళ్లో ఇద్దరే మిగిలారు. అందులో ఒకాయనకు చూపు తగ్గుతోంది.