తాడు పట్టే ముందు పాఠం

మమ్మల్ని గ్రూపులోంచి తీసేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు గానీ, హైదరాబాద్‌లో ఈ రోప్ (సమ్మతితో తాళ్లతో కట్టే) మీటప్‌లకి వచ్చే అందరికీ తెలుసు. తనకు తానే 'మాస్టర్' అని పేరు పెట్టుకున్న పెద్దమనిషిని, రోప్ ఎవరి దగ్గర నేర్చుకున్నారని మాలో ఒకామె అడిగింది. అప్పటికే ఆయన కట్టిన కట్టు వల్ల ఆమె స్నేహితురాలి మణికట్టు వాలిపోయి, గ్లాసు కూడా పట్టుకోలేకపోతోంది. దానికి వచ్చిన జవాబు: "కమ్యూనిటీ పరువు తీస్తున్నారు." ఆమెను సమర్థించిన మమ్మల్నందరినీ ఆ రాత్రే తీసేశారు. ఆయన మాత్రం వచ్చే వర్క్‌షాప్‌లో పాఠం చెబుతున్నారట!

సమ్మతి ఉంది కదా అని నోళ్లు నొక్కొద్దు. 1983లో న్యూయార్క్‌లోని జీఎంఎస్ఎంఏ అనే బీడీఎస్ఎం సంఘం వాళ్లు 'సేఫ్, సేన్, కన్సెన్సువల్' (సురక్షితం, వివేకం, సమ్మతి) అన్నారు. మనవాళ్లు మొదటి రెండూ వదిలేసి మూడోది పట్టుకున్నారు. 1999లో 'రాక్' వచ్చింది, అంటే ప్రమాదం తెలిసే ఒప్పుకోవాలని. కట్టేవాళ్లకే తెలియని ప్రమాదానికి కట్టించుకునేవాళ్లు ఎలా ఒప్పుకుంటారు?

మా డిమాండ్ ఒక్కటే. నరాల పాఠం నేర్చుకుని, చేసి చూపించనిదే ఏ మీటప్‌లోనూ ఎవరూ ఎవరినీ కట్టకూడదు. రేడియల్ నరం దండచెయ్యి వెనక నుంచి బయటివైపుకి ఎముకను ఆనుకుని తిరుగుతుంది. తాడు అక్కడ నొక్కితే పెద్దగా నొప్పి లేకుండానే నరం దెబ్బతినొచ్చు. నొప్పే లేకపోతే, ఆపమని చెప్పే సేఫ్‌వర్డ్ నోట ఎందుకు వస్తుంది? అందుకే కట్టినవాళ్లే అడుగుతూ ఉండాలి: మణికట్టు పైకెత్తు, వేళ్లు చాపు, బొటనవేలి వెనక తాకితే తెలుస్తోందా? తిమ్మిరి అన్నారంటే వెంటనే విప్పాలి. ముడి ఊడి రాకపోతే తాడు కోసెయ్యాలి. మొన లేని బ్యాండేజీ కత్తెర ఉండాల్సింది చేతికి అందేచోట, బ్యాగు అడుగున కాదు. తాడు ఖరీదని కొయ్యడానికి వెనకాడేవాళ్లు అసలు కట్టనే కూడదు. ఈ పాఠం తెలుగులోనూ చెప్పాలి. ఇంగ్లీషులో మళ్లీ అడగడానికి మొహమాటపడి తలూపి ఊరుకున్నవాళ్లు మాలోనే ఉన్నారు.

చట్టం మన వెనక ఉందనుకునేవాళ్లు భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్ పూర్తిగా చదవండి. 18 ఏళ్లు దాటినవాళ్లు ఒప్పుకుంటే కలిగిన హాని నేరం కాదంటూ, సరదాకి కత్తిసాము చేసే ఇద్దరిని ఉదాహరణగా చూపిస్తుంది. కానీ ప్రాణం పోతుందనో తీవ్ర గాయమవుతుందనో తెలిసి చేసిన పనికి ఆ రక్షణ లేదు. చేతి శక్తి శాశ్వతంగా పోతే అది తీవ్ర గాయమే.

ఇక బతిమాలం, మా మీటప్ మేమే పెట్టుకుంటాం. మా గదిలో బిరుదులుండవు. కట్టాలనుకున్న ప్రతి ఒక్కరూ ముందు కట్టించుకుంటారు. మెడకి తాడు వెయ్యరు, తాగి తాడు ముట్టరు, కట్టిన మనిషిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలరు. విజయవాడలో, వరంగల్‌లో, విశాఖలో కొత్తగా వచ్చే ప్రతి మనిషికీ పైసా తీసుకోకుండా నేర్పుతాం. బిరుదు వద్దు, విద్య కావాలి! ప్రశ్నను తరిమేసే గురువు మాకు గురువు కాడు!

ఆ 'మాస్టర్' వర్క్‌షాప్‌కి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. తాడు బయటికి తియ్యకముందే, కత్తెర ఎక్కడుందని అందరి ముందూ అడగండి. మిమ్మల్నీ తీసేస్తే మా దగ్గరికి రండి.