పాత మిల్లింగ్ మిషన్‌కూ టెస్ట్ చార్ట్ ఉండాలి

కోయంబత్తూరు కార్ఖానాల నుంచి పాత మిల్లింగ్ మిషన్లు ఒక్కొక్కటిగా బయటికి వస్తున్నాయి. కంప్యూటర్‌తో నడిచే వీఎంసీలు వచ్చినచోటల్లా హెచ్ఎంటీ, బీఎఫ్‌డబ్ల్యూ కంపెనీలు ఒకప్పుడు చేసిన చేతి మిషన్లకు చోటు కరువవుతోంది. వాటిలో కొన్ని, ఇంటి వెనక షెడ్డులో సొంతంగా పట్టరై (చిన్న వర్క్‌షాపు) పెట్టుకోవాలనుకునేవాళ్లకు చేరుతున్నాయి. మిగిలినవి తూకానికి పోయి ఫౌండ్రీ కొలిమిలో కరిగిపోతున్నాయి. ఏది ఎటు వెళ్లాలో చాలాసార్లు పైన కొట్టిన రంగే తేలుస్తోంది. అరిగిపోయిన మిషన్ కొత్త పెయింటు మెరుపుతో మంచి ధర పలుకుతుంది. ఒళ్లంతా జిడ్డు పట్టి, లోపల గట్టిగా ఉన్న మిషన్ కిలోల లెక్కన పోతుంది. ఈ పద్ధతి మారాలి. కొత్త మిషన్‌తో కంపెనీ టెస్ట్ చార్ట్ ఇచ్చినట్టే, పాత మిషన్ చేతులు మారేటప్పుడు కూడా కొలతల కాగితం ఒకటి ఇవ్వాలి. అది లేనిదే బేరం మొదలుపెట్టకూడదని కొనేవాళ్లు పట్టుబట్టాలి.

ఇది పాత యంత్రాల వ్యాపారుల గొడవేలే అని వదిలేయడానికి వీల్లేదు. నాయక రాజుల కాలం నుంచి మధురై, కోయంబత్తూరు సీమల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలావరకు తరాలపాటు నల్లరేగడి భూముల్ని నమ్ముకుని బతికినవే. 1930ల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు వచ్చాక బావుల మీద పంపులు వెలిశాయి. పంపులకు మరమ్మతులు కావలసి వచ్చాయి, మరమ్మతు చేసిన చేతులే తర్వాత తయారీకి దిగాయి. కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు కథ ఆ సీమలో తెలియనివారు ఉండరు. ఒక ఇంగ్లీషు అధికారి నడిపే రడ్జ్ మోటారు సైకిల్ మీద మనసుపడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ బండినే కొని, ముక్కముక్కగా విప్పి మళ్లీ బిగించారాయన. అంటే ఆయనకు యంత్రవిద్య నేర్పింది ఒకరు వాడిన బండి. 1937లో ఆయనా, డి. బాలసుందరం నాయుడూ కలిసి పీళమేడులో చేసిన ఎలక్ట్రిక్ మోటారు దేశంలోనే మొదటిదిగా పేరు తెచ్చుకుంది. 1926లో ఏర్పడ్డ పీఎస్‌జీ ధర్మసంస్థవారి ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ పంపులు, లేత్‌లు తయారుచేస్తూనే కుర్రాళ్లకు పని నేర్పింది. అక్కడా, ఇతర కార్ఖానాల్లోనూ పని నేర్చుకున్న ఫిట్టర్లు, టర్నర్లు పీళమేడు, ఆవారంపాళయం, గణపతి వీధుల్లో ఇళ్లను ఆనుకునే షెడ్లు వేసుకున్నారు. జీతం మీద బతికే ఫిట్టరుకు కొత్త మిల్లింగ్ మిషన్ కొనే తాహతు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పాతదే దిక్కు. ఆ ఒక్క కొనుగోలులో మోసపోతే మళ్లీ లేచి నిలబడటానికి అతనికి ఏళ్లు పడుతుంది. అందుకే ఈ కాగితం కోసం ఇంతగా వాదించవలసి వస్తోంది.

మిల్లింగ్ మిషన్ అరుగుదలకు ఒక తీరు ఉంది. పని ఎక్కువగా టేబుల్ మధ్యభాగంలోనే జరుగుతుంది కాబట్టి టేబుల్ జారే పట్టాలూ, దాన్ని నడిపే స్క్రూ కూడా మధ్యలోనే అరుగుతాయి, చివర్లు కొత్తవిగానే మిగులుతాయి. అమ్మేవాళ్లు పక్కనున్న బిగింపు పట్టీ జిబ్‌ను బిగించేస్తే మధ్యలో టేబుల్ ఊగిసలాట మాయమవుతుంది. చేత్తో ఊపి చూసిన మనిషి సంతోషంగా డబ్బు కట్టేస్తాడు. అదే టేబుల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూస్తే సంగతి బయటపడుతుంది. మధ్యలో తేలిగ్గా తిరిగిన చక్రం చివర్లకు వచ్చేసరికి బిగుసుకుపోతుంది. స్క్రూ సంగతీ అంతే. అయస్కాంతపు స్టాండుకు డయల్ గేజ్ బిగించి, దాని మొన టేబుల్‌కు ఆనించి, చక్రాన్ని ఒకవైపు తిప్పి ఆపాలి. తర్వాత వెనక్కి తిప్పుతూ, డయల్ ముల్లు కదిలేలోపు చక్రం మీది గీతలు ఎన్ని దాటాయో చూడాలి. ఆ ఖాళీ తిరుగుడే బ్యాక్‌లాష్. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి ఇలా చూడాలి. రెండుచోట్లా కాస్త బ్యాక్‌లాష్ ఉండి, అది సమానంగా ఉంటే భయపడనక్కర్లేదు, పాత మిషన్‌కు అది సహజం. రెండింటికీ తేడా బాగా ఉంటే మాత్రం స్క్రూ మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గాల్సిందే. స్పిండిల్‌ను అరగంట తిప్పి బేరింగ్ వేడెక్కిందేమో చెయ్యి పెట్టి చూడాలి. టేపర్ లోపలి గోడకు డయల్ ఆనించి స్పిండిల్‌ను చేత్తో తిప్పితే ముల్లు ఎంత ఊగుతుందో తెలుస్తుంది. ఒకటి రెండు వందో వంతు మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి. గేర్లన్నీ మార్చి చూడాలి, పెయింటు కింద లప్పం పెట్టి కప్పేసిన పగుళ్లకోసం వెతకాలి. ఎద్దును కొనేముందు పళ్లు చూసి, కాడి కట్టి నడిపించిన రైతుల వారసులకు ఈ జాగ్రత్త కొత్త పాఠం కాకూడదు.

ఈ కొలతల వెనక పెద్ద చరిత్రే ఉంది. 1927లో బెర్లిన్ ప్రొఫెసర్ గేయోర్గ్ ష్లెసింగర్ యంత్రాలను ఎలా పరీక్షించాలో, ఎంత తేడాను ఒప్పుకోవచ్చో ఒక పుస్తకంగా రాశారు. ప్రపంచమంతటా మిషన్ టూల్ కంపెనీలు ఇచ్చే టెస్ట్ చార్టులకు పునాది అదే. కొత్త మిషన్‌కు వందేళ్లుగా ఉన్న రక్షణ, అది ఎక్కువగా కావలసిన పాత మిషన్‌కు లేకుండా పోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

అంత శ్రమ ఎందుకు, గ్యారంటీతో కొత్త చిన్న బెంచి మిల్లింగ్ కొనుక్కోవచ్చు కదా అనేవాళ్లున్నారు. మెత్తటి అల్యూమినియం పనికి అది సరిపోతుంది. పంపు షాఫ్టుకు కీవే కోయాలన్నా, గ్రైండరు గేరు పళ్లు తియ్యాలన్నా కట్టర్ వణుకును తట్టుకోవడానికి బరువు కావాలి. రెండు మూడు వందల కిలోల మిషన్ రెండు టన్నుల మిషన్‌లా నిలబడదు. వీఎంసీల కాలంలో చేతి మిషన్ ఎందుకన్న ప్రశ్నకూ సమాధానం పనిలోనే ఉంది. ఒకే వస్తువు వెయ్యి చేయాలంటే వీఎంసీని మించింది లేదు. ఒక్క షాఫ్టు, ఒక్క ఫిక్స్చర్, ఒక్క నమూనా కావాలంటే ప్రోగ్రాం రాసి సెట్టింగ్ చేసేలోపు చేతి మిషన్ మీద పని పూర్తవుతుంది. ఇంటి పట్టరైకి వచ్చే పని ఎక్కువగా ఇలాంటిదే.

కరెంటు మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఇంటికి సింగిల్ ఫేజ్ మాత్రమే ఉంటే రెండు మూడు హార్స్‌పవర్ల వరకు దాన్ని త్రీ ఫేజ్‌గా మార్చే వీఎఫ్‌డీ పెట్టి నడపవచ్చు. అంతకుమించితే త్రీ ఫేజ్ తీసుకోవాలి. సొంత ముచ్చట దాటి జాబ్ వర్క్ చేస్తే పరిశ్రమ కనెక్షన్ తప్పదు. తమిళనాడులో 12 కిలోవాట్ల లోపు కుటీర, సూక్ష్మ పరిశ్రమలకు 3ఏ1 అనే ప్రత్యేక టారిఫ్ ఉంది, ఒక మిల్లింగ్, ఒక లేత్ దానిలో హాయిగా ఇమిడిపోతాయి. నేల బలమూ, ఇరుగుపొరుగు నిద్రా ముందే చూసుకోవాలి. కూడా వచ్చే సామాను సంగతి చాలామంది మరిచిపోతారు. వైస్, ఆర్బర్లు, కాలెట్లు, డివైడింగ్ హెడ్ విడిగా కొనాల్సి వస్తే మిషన్ ధరతో పోటీపడేంత ఖర్చవుతుంది. కాబట్టి వాటి జాబితా కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

అమ్మేవాళ్ల అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. తూకానికి వేస్తే ఆ సాయంత్రమే డబ్బు చేతికొస్తుంది, కొలతలంటూ ఎవరు కూర్చుంటారని వాళ్లంటారు. నిజమే, వాళ్లను ఒక్క నీతిబోధతో ఒప్పించలేం. కొలిచే పని మూడో మనిషి చేయాలి, ఖర్చు కొనేవాళ్లు భరించాలి. కోయంబత్తూరులో ఇంజనీరింగు తయారీదారుల సంఘం సీమా నెలకొల్పిన సిటార్క్ ఏళ్లుగా పంపులు, మోటార్లు పరీక్షించి సర్టిఫికెట్లు ఇస్తోంది. అలాంటి సంస్థే ఒక డయల్ గేజ్, ఒక టెస్ట్ బార్, ఒక లెవెల్ ఇచ్చి అనుభవమున్న మనిషిని మిషన్ దగ్గరికి పంపగలిగితే పూట పనితో తేలిపోతుంది. ఈ ఏర్పాటు మధురైవాళ్లకు మరీ అవసరం. కప్పలూరులోనో, కె. పుదూరులోనో ఉన్నవాళ్లు రెండు వందల కిలోమీటర్లు వచ్చి, క్రేన్‌కూ లారీకీ డబ్బు పోసి దించుకున్నాక స్క్రూ అరిగిందని తెలిస్తే వెనక్కి పంపే దారి ఉండదు. బయలుదేరకముందే మధ్యలో బ్యాక్‌లాష్ ఎంత, చివర ఎంత, స్పిండిల్ ఊగుడు ఎంత అన్న అంకెలు, కొలిచినవారి సంతకం, తేదీతో ఫోన్‌కు వస్తే, వెళ్లాలో వద్దో, ఎంతకు అడగాలో వాళ్లు ఇంట్లోనే నిర్ణయించుకోగలుగుతారు.