మేకపోతు వాసనయు, బడి బల్లయు

ఈ సంచికయందు విద్యను గూర్చియు, క్రమశిక్షణను గూర్చియు వ్రాయువారు పలువురు గలరు. మేము మేకపోతు వాసనను గూర్చి వ్రాయ దలచితిమి. శీర్షికను చూచి పిల్లలు నవ్వుదురు; నవ్వనిండు. నవ్వు తీరిన పిమ్మట నిదానించి చదువుడని వేడుకొనుచున్నాము. ఏలయన, ఈ వాసనను సాకుగా గొని మేకలవారి బిడ్డను వేఱు బల్లపై కూర్చుండబెట్టుడని కోరు తలిదండ్రులు అప్పుడప్పుడు కానవచ్చుచున్నారు. ఆ కోరికను మన్నింపరాదనియు, వాసనను తగ్గించుకొను ఉపాయములు మాత్రము అందఱును నేర్వవలెననియు మా అభిప్రాయము.

కొడవలూరు వరిచేల నడుమ నున్న ఊరు. కోతలు ముగిసిన పిమ్మట మోళ్లలో మందలు మేయుట ఇక్కడ నిత్యము చూచు పనియే. నెల్లూరు గొఱ్ఱె దేశమంతట పేరు గాంచినది. మేకకు అంతటి పేరు లేదు. అయినను సెంటు భూమి లేని కుటుంబమునకు గుంజకు కట్టిన రెండు మేకలే ఆస్తి. బిడ్డకు జబ్బు చేసినను, బడి పుస్తకములు కొనవలసినను, ఒక మేకను అమ్మిన గండము గడచును. గాంధీమహాత్ముడు 1919 మొదలుగా మేకపాలు త్రాగెను. ఆయనయే 1921లో మన జిల్లాలోని పల్లిపాడున పినాకిని సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. నిర్గమకాండమున గుడారపు తెరలు మేకవెండ్రుకలతో చేయబడెనని మనము చదువుచున్నాము. కాబట్టి మేక నీచమైన జంతువని తలచుట తగదు.

ఇక వాసన సంగతి. ఆడుమేకకు ఇంత వాసన లేదు. ఈ ఘనత పోతుదే. దాని కొమ్ముల వెనుక చర్మమునందు కొన్ని గ్రంథు లున్నవి. వానినుండి జిడ్డుతో గూడిన వాసన వెడలును. అది చాలదన్నట్లు, ఎద కాలమున పోతు తన మూత్రమును తన గడ్డముమీదను ముందుకాళ్లమీదను తానే చల్లుకొనును. చలిదేశములలో ఈ కాలము శరదృతువున వచ్చి పోవును. మన ఉష్ణదేశమున మేకలు ఏడాది పొడవునను ఈనుచుండును గనుక, పోతువాసనకును సెలవు దినములు లేవు. రసాయనశాస్త్రమున కాప్రాయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అను మూడు కొవ్వు ఆమ్లములకు లాటిను భాషలో మేకకు గల పేరునుబట్టియే నామకరణము జరిగినది. పోతుకు విశేషమైన వాసన నిచ్చునది వీనికి చుట్టమైన 4-ఇథైల్ ఆక్టనోయిక్ ఆమ్లము. దీనిని మనుష్యుని ముక్కు అత్యల్పమాత్రలో నున్నను పసిగట్టగలదు.

ఈ వాసన వ్యర్థమైనది కాదు. జపానుదేశపు టోకియో విశ్వవిద్యాలయమువారు పోతుల తలలకు టోపీవంటి పరికరమును తొడిగి, వానినుండి వెలువడు గాలిని పట్టి, విత్తులు తీసిన మేకల గాలితో పోల్చి చూచిరి. పోతులయందు మాత్రమే కానవచ్చిన 4-ఇథైల్ ఆక్టనాల్ అను పదార్థము ఆడుమేక మెదడులో సంతానోత్పత్తిని నడపు భాగమును మేల్కొలుపునని 2014లో వారు ప్రకటించిరి. ఆ పదార్థమే గాలి సోకి మాఱినప్పుడు పైన జెప్పిన ఆమ్ల మగును. అనగా మనము ముక్కు మూసికొను ఆ కంపు మేకకు ఒక పిలుపు. ఆ పిలుపు లేనిచో మందలో పిల్లలు తగ్గును. పిల్లలు తగ్గినచో పండుగనాటి కూరయు తగ్గును.

ఇచ్చట ఒక న్యాయమును గమనింపుడు. ఇరువది ముప్పది ఆడుమేకలకు ఒక పోతు చాలును. కావున ప్రతి యింటను పోతు నుండదు. ఏ ఒక్క యింటనో యుండును. చుట్టుప్రక్కల వారందఱు తమ మేకలను ఆ యింటికే తోలుకొని వత్తురు. లాభము ఊరందఱిది, వాసన ఆ యింటిది. మన కొఱకు వాసనను భరించు ఇంటి బిడ్డను ఆ వాసన కొఱకే దూరముగా కూర్చుండుమనుట ఏపాటి న్యాయమో పెద్దలు యోచింపవలెను.

మఱియొక మాట. ముక్కు విచిత్రమైన అవయవము. ఎడతెగక సోకు వాసనను అది కొంతసేపటికి పట్టించుకొనుట మానును. అందుచేత మేకల కొట్టము ప్రక్కన నిద్రించిన బాలుడు తన చొక్కాకు వాసన యున్నదని యెఱుగడు. ఎవరి కంపు వారికి ఇంపు అను సామెత ఈ సంగతినే తెలుపుచున్నది. ఈ సామెత మేకలవారికే గాక అందఱకును వర్తించును. తీరపు పల్లెలవారికి ఎండుచేపల వాసన తెలియదు. ఉప్పుడుబియ్యపు మిల్లు ప్రక్క నున్నవారికి ఆ నానిన వడ్ల వాసన తెలియదు. రొయ్యల చెఱువుల కాపరికి చెఱువు బురద వాసన తెలియదు. ఏ వాసనయు లేని వృత్తి మన జిల్లాలో ఎన్ని యున్నవి? పూర్వకవులు కంపు అను మాటను సువాసనకు సయితము వాడిరని విద్యార్థులు నిఘంటువు తెఱచి తెలిసికొనవచ్చును.

అట్లని వాసనను అట్లే యుండనిండని మేము చెప్పము. తోడివారికి కష్టము కలుగకుండ చూచుకొనుట మర్యాద. పోతును ఇంటిగోడకు దూరముగా, గాలి యింటిమీదుగా దొడ్డివైపునకు పోవు దిక్కున కట్టవలెను. క్రింద వరి ఊకను గాని వేరుసెనగ పొట్టును గాని పఱచి, తడిసినంతనే మార్చవలెను. గడ్డపు వెండ్రుకలను కత్తిరింపవలెను. సంతతికి అక్కఱలేని పోతుపిల్లలకు చిన్నతనముననే పశువైద్యశాలయందు విత్తులు నొక్కించినచో వాసనయు తగ్గును, మాంసమునకును మంచి ధర వచ్చును. పాలిచ్చు మేకను పోతుతో కలిపి కట్టరాదు. పాలను కాచియే త్రాగవలెను. వాసనవలన రోగము రాదు గాని, పచ్చిపాలవలన రావచ్చును.

బాలురు తెలిసికొనవలసిన దింకొకటి గలదు. ఈ వాసన జిడ్డులో నుండుటచే వట్టినీటికి పోదు. అది ఆమ్లము గనుక క్షారము తగిలినచో లవణముగా మాఱి గాలిలోనికి లేవదు. సబ్బు గాని వంటసోడా గాని చేయు పని యిదియే. మన చాకలివారు తరతరములుగా చౌడుమన్నుతో చేసిన పనియు నిదియే. బడి బట్టలను మేకల కొట్టములోని దండెముపై నుంచక వేఱుచోట నుంచి, ఉదయము మేకల పని ముగించి సబ్బుతో చేతులు కడిగికొనిన పిమ్మటనే తొడిగికొనవలెను.

కొందఱు పెద్దలు, "మా బిడ్డ చదువు చెడును, ఒక బల్ల మార్చిన నష్టమేమి?" అందురు. నష్టము గలదు. ఒక కులమువాని ప్రక్కను మఱియొక కులమువానిని ఒకే బల్లమీద కూర్చుండబెట్టుటకు ఈ దేశపు బడులలో ఎందఱో ఉపాధ్యాయులు ఎన్నో పాట్లు పడిరి. అంటరానితనమును రద్దుచేసిన రాజ్యాంగము 1950లో అమలులోనికి వచ్చినది. తలవాకిట వెళ్లగొట్టిన దానిని వాసన అను పేరుతో పెరటి వాకిట రానిచ్చుట మనకు తగదు. మొదట మేకలవాని బిడ్డ, పిదప చేపలవారి బిడ్డ, ఆ పిదప చెత్త ఎత్తువాని బిడ్డ; ఈ వరుసకు అంతము లేదు. బల్ల మారిన బాలునికి ఆనాటి పాఠము గాక మఱియొక పాఠము పట్టుపడును; దానిని మఱపించుటకు ఏ ఉపాధ్యాయుని తరమును గాదు.

కనుక మా మనవి యిది. బడి కుళాయికడ నిత్యము ఒక సబ్బుబిళ్ల యుండవలెను. అది అందఱకును, మేకలవారికి మాత్రమే కాదు. వాసన సంగతి చెప్పవలసివచ్చినప్పుడు ఉపాధ్యాయుడు ఆ బిడ్డను ప్రక్కకు పిలిచి తండ్రివలె మెల్లగా చెప్పవలెను. తరగతిలో పదిమంది యెదుట చెప్పరాదు. తలిదండ్రులారా, మీ బిడ్డ ఇంటికి వచ్చి ప్రక్కవానికి మేకవాసన యున్నదని చెప్పినచో, బల్ల మార్పింప రావలదు. ఆ మేకలు ఎన్ని, అవి ఏమి మేయును, అతడు ఉదయము ఎన్నిగంటలకు లేచునో అడిగి రమ్మనుడు. విద్యార్థులారా, మీరు వెలచెల్లించి నేర్చుకొను జీవశాస్త్రమును ఆ బాలుడు తెల్లవారుజామున చేతితో నేర్చి వచ్చుచున్నాడు. అతని ప్రక్కన కూర్చుండుడు.