కొల్లేరు పట్టణాల మురుగుగుంట కాదు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరుల నీటితోపాటు ఏలూరు, గుడివాడ పట్టణాల మురుగూ వచ్చి పడుతోంది. అదంతా ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి.

ప్రభుత్వం 1999లో కొల్లేటిని అభయారణ్యమంది. 2002లో అది రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆసాముల చెరువులు తెగినందుకు మాకు విచారం లేదు. కాని వాటిమీద కూలి చేసుకునేవాళ్ల కూడూ వాటితోనే పోయింది. మరి మురుగుకు గట్టు వేసిందెవరు?

శుద్ధి చెయ్యని మురుగు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది, చేప చస్తుంది. మురుగు సత్తువతో గుర్రపుడెక్క ఏపుగా పెరుగుతుంది. అది ఉప్పుటేరుకు అడ్డంపడితే వరద ఎగదన్ని చేలు మునుగుతాయి. నడుంలోతు నీళ్లలో వల లాగేది, ఆ నీళ్లలోనే నాట్లు వేసేది పేదవాళ్లే.

మేమడిగేది ఒక్కటే: మురుగును పట్టణం పొలిమేరలోనే శుద్ధి చెయ్యాలి. ప్లాంటు కట్టి రిబ్బను కోస్తే చాలదు. కరెంటుకు, సిబ్బంది జీతాలకు ఏటా డబ్బు పెట్టాలి. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం మున్సిపాలిటీలకూ వర్తిస్తుంది. కూలీలు, జాలర్లు, చిన్నరైతులు ఒక్కటై కదిలితేనే ఆ చట్టం కాగితం దిగి కాలవ గట్టుకొస్తుంది.